గళ్ళలో నేర్చిన క్రికెట్

గురువారం ఉదయం మునిరత్నం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటి లోకల్లో పెరంబూరు వెళ్ళడం, తాళాల కంపెనీలో కొత్తగా చేరిన మేనేజరు గదిలోకి నేరుగా వెళ్ళడం, జేబులోని అర్జీ ఆయన చేతిలో పెట్టి నమస్కారం చేసి బయటికి రావడం. అర్జీలో విషయం ఒక్కటే. కంపెనీ క్వార్టర్సులో ఒక ఇల్లు ఖాళీ అయింది, అది తనకు ఇప్పించాలి. రెండు గదులు, ఒక వంటిల్లు, పెరట్లో సొంత కొళాయి. చింతాద్రిపేటలో వాళ్ళుంటున్న ఇంట్లో పది కాపురాలకు కలిపి ఒకే కొళాయి, అది కూడా ఇంటి యజమానురాలు అలమేలమ్మ గుమ్మం ఎదురుగా. నీళ్ళు వచ్చేది పొద్దున రెండు గంటలు. ఆ రెండు గంటల్లో అలమేలమ్మ ఎవరి బిందె ముందు పెట్టమంటే వాళ్ళే పుణ్యాత్ములు. పద్నాలుగేళ్ళ కాపురంలో మునిరత్నం భార్య తాయారు నగలు అడగలేదు, చీరలు అడగలేదు. అడిగింది ఒక కొళాయి.

"రైల్లో ఆ గళ్ళు ముందర పెట్టుకుని కూర్చోబాకండి," అని గుమ్మం దగ్గర చెప్పింది తాయారు. "మేనేజరుతో ఏం మాట్లాడాల్నో అది తలుచుకుంటా పోండి. గళ్ళల్లో పడితే మీకు స్టేషను కూడా కనబడదు."

"నాకా? నేను చూసుకుంటాను గదా, నువ్వు ఊరకుండు," అన్నాడు మునిరత్నం. సెంట్రల్ స్టేషన్లో అడుగు పెట్టీ పెట్టగానే వారపత్రిక కొన్నాడు.

మునిరత్నానికి లోకంలో తెలియని విషయం లేదు. అంటే, తెలియని మాట లేదు. పదిహేనేళ్ళుగా వారపత్రికలో ఆధారాలు చూసి మాటలు నింపే గళ్ళ పోటీని ఒక్క వారం తప్పకుండా పూర్తి చేసినవాడికి ఈ రెంటికీ తేడా కనిపించదు. ఓడలో ఏ తెరచాపను ఏమంటారో చెప్పగలడు. మద్రాసులోనే పుట్టి పెరిగినా హార్బరు గేటు దాటి లోపలికి వెళ్ళలేదు. గుర్రపు జీనులోని భాగాలన్నీ పేరుపేరునా చెప్పగలడు. జట్కా గుర్రం తల తిప్పితే చాలు, రోడ్డు అవతలికి పోయేవాడు. మాట తెలిస్తే వస్తువు తెలిసినట్టేనని అతని సిద్ధాంతం. ఈ సిద్ధాంతం వల్ల ఇంతవరకు చిక్కేమీ రాలేదు, ఎందుకంటే ఇంతవరకు ఎవరూ అతన్ని ఓడ ఎక్కించలేదు.

ఆ వారం ఆటల ప్రత్యేక పోటీ. ఆధారాలన్నీ ఆటల మీదే. రైలు కదిలేసరికి మునిరత్నం సగం గళ్ళు నింపేశాడు. ఎదుటి సీట్లో కోటు వేసుకున్న లావుపాటి మనిషి ఒకాయన అదే పత్రిక ఒళ్ళో పెట్టుకుని, పెన్సిలు నోట్లో పెట్టుకుని, పంటినొప్పి ఉన్నవాడిలా కూర్చున్నాడు.

"'క్రికెట్‌లో మోసపు బంతి'. రెండే గళ్ళు ఉండాయి. ఏముంటుందబ్బా?" అన్నాడాయన కిటికీతో.

"గూగ్లీ," అన్నాడు మునిరత్నం తల ఎత్తకుండా.

ఆయన రాసుకున్నాడు. సరిపోయింది. "'పోలోలో ఒక దఫా'?"

"చక్కర్."

"'హాకీలో ఆట మొదలుపెట్టేది'?"

"బుల్లీ."

"'పరుగు పుట్టని ఓవరు'?"

"మెయిడెన్. నాలుగు గళ్ళు. చూసుకోండి, సరిపోతుంది."

బేసిన్ బ్రిడ్జి దాటేలోపల ఆయన గళ్ళన్నీ నిండిపోయాయి. ఆయన మునిరత్నాన్ని తల నుంచి చెప్పుల దాకా ఒకసారి చూసి, "ఇన్ని ఆటలు ఆడిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదండీ. యాడ పని చేస్తా ఉండారు?" అని అడిగాడు.

"పెరంబూరు తాళాల కంపెనీలో, గుమాస్తాగా."

"ఆ కంపెనీనా! నేను ఆడికే కొత్త మేనేజరుగా వచ్చినాను. నా పేరు వరదరాజులు."

నేను ఏ ఆటా ఆడలేదు సార్ అని చెప్పవలసిన చోటు సరిగ్గా ఇదే. కాని ఆయన ఆడారా అని అడగలేదు, ఆడారని అన్నాడు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం మర్యాద కాదని మునిరత్నానికి ఆ క్షణంలో తోచింది. పైగా జేబులో అర్జీ గుండెకు ఆనుకుని ఉంది. దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టాడు.

వరదరాజులు అర్జీ చదివి ముఖం విప్పార్చుకున్నాడు. "దేవుడు పంపినట్టు కనబడినారు. మన యజమాని చెట్టిగారు లేరూ, ఆయన పోయిన వారం సబ్బుల కంపెనీవాళ్ళతో క్రికెట్ పందెం ఒప్పుకున్నారు. ఆదివారం మ్యాచి. టీము చేర్చి గెలిపించే పూచీ నామీద పెట్టినారు. కెప్టెన్ లేక మూడు దినాలుగా నాకు నిద్ర లేదు. ఇంగ మీరే కెప్టెన్. గెలిపించండి, ఆ ఇంటి తాళంచెవి మీ చేతిలో పెడతాను. ఇది నా మాట."

ఓడితే ఏమవుతుందని మునిరత్నం అడగలేదు. క్రికెట్ గురించి తనకు ముప్పయి రెండు మాటలు తెలుసని అప్పటికే లెక్క వేసుకుంటున్నాడు. ఆ ఆటలో అంతకంటే ఇంకేముంటుంది?

ఆఫీసులో వార్త అతనికంటే ముందు మెట్లెక్కింది. పది గంటలకు మునిరత్నం పూర్వం క్రికెట్ ఆడినవాడు. పదకొండుకు పెద్ద పెద్ద టీముల్లో ఆడినవాడు. మధ్యాహ్నం టిఫిను వేళకు, కలకత్తా మ్యాచిలో చిటికెన వేలు విరిగి, అందుకే ఆ వేలు కొంచెం వంకరగా ఉందని ప్యాకింగు సెక్షన్లో చూసినవాళ్ళు చెప్పుకుంటున్నారు. ఆ వేలు పుట్టుకతోనే వంకర. మునిరత్నం దాన్ని జేబులో పెట్టుకోవడం మానేశాడు.

సాయంత్రం స్టోర్సు పెరుమాళ్ వచ్చాడు. అతను కాలేజీలో రెండేళ్ళు నిజంగానే క్రికెట్ ఆడాడు. కంపెనీలో ఆట తెలిసినవాడంటే అతనొక్కడే, కాని అతను గళ్ళు నింపేవాడు కాదు గనక ఆ సంగతి మేనేజరుకు తెలియలేదు.

"ప్రాక్టీసు ఎప్పుడు పెట్టుకుందాం సార్? మనోళ్ళు సగం మంది బంతి ముఖం చూడలేదు."

"ప్రాక్టీసు దేనికి పెరుమాళ్? అది ఆటను నమ్మనివాళ్ళకి," అన్నాడు మునిరత్నం గంభీరంగా. పెరుమాళ్ ఈ మాట గురించి రెండు రోజులు ఆలోచించాడు, ఎక్కువ ఆలోచించేకొద్దీ అందులో అర్థం ఉన్నట్టే కనిపించింది.

ఇంటికి వెళ్ళి తాయారుతో మునిరత్నం చెప్పింది సగమే. "మేనేజరు మాటిచ్చినాడు. ఆదివారానికి ఇల్లు మనది." మిగతా సగం పొద్దున కాఫీ తాగుతూ చెబుదామనుకున్నాడు. ఈ ఆలస్యమే కొంప ముంచింది.

శుక్రవారం పొద్దున కొళాయి దగ్గర అలమేలమ్మ, తాయారు బిందెను ఎప్పటిలాగే తొమ్మిదో చోటికి జరిపింది. ఎప్పటిలాగే అయితే తాయారు పళ్ళు బిగబట్టుకుని ఊరుకునేది. ఆ రోజు ఊరుకోలేదు. పద్నాలుగేళ్ళుగా లోపల దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా బయటికి వచ్చాయి. పది కాపురాలవాళ్ళూ బిందెలు వదిలేసి విన్నారు. చివరికి, "ఆదివారం నుంచి మాకు సొంత కొళాయి. నీ కొళాయి నువ్వే కడుపులో పెట్టుకో!" అని ముగించి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని తాయారు రాణీలాగా లోపలికి వచ్చింది.

అలమేలమ్మ తక్కువది కాదు. ఆమె వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. "సరి, మంచిదే. మా చెల్లెలి కొడుకు కొత్తగా పెళ్ళి చేసుకుని ఇల్లు కోసరం తిరగతా ఉండాడు. ఆదివారం పొద్దునకి ఈ గది ఖాళీగా ఉండాల. సామాను ఉంటే నేనే బయట పెట్టిస్తాను."

అప్పుడు మునిరత్నం కాఫీ గ్లాసు కింద పెట్టి, మిగతా సగం చెప్పాడు.

తాయారు చంకలోని బిందె కింద పెట్టింది. "క్రికెట్టా? మీరా?"

"ముప్పయి రెండు మాటలు తెలుసు నాకు."

తాయారు ఇంకేమీ అడగలేదు. ఆమె అడగకపోవడం చూసి, తన మీద ఆమెకు నమ్మకం కుదిరిందనుకున్నాడు మునిరత్నం. శనివారమంతా పాత గళ్ళు అతికించిన నోటు పుస్తకం ముందేసుకుని, ఇంకో నాలుగు మాటలు సంపాదించాడు.

ఆదివారం ఎనిమిదింటికి మైదానం మధ్య పిచ్‌గా కొబ్బరి పీచు చాప పరిచారు. ఒక పక్క పందిరి వేసి కుర్చీలు పెట్టారు. మధ్య కుర్చీలో చెట్టిగారు నిమ్మకాయ నీళ్ళు పట్టుకుని కూర్చున్నారు. ఆయన ఎప్పుడూ క్రికెట్ చూసినవారు కాదు, కాని పందెం మాత్రం గెలిచి తీరాలన్నారు. ఒక వైపు అంపైరుగా సబ్బుల కంపెనీ ముసలాయన ఒకడు, రెండో వైపు తెల్లకోటు తొడుక్కుని మేనేజరు వరదరాజులు. టాస్ మునిరత్నమే గెలిచాడు.

"బ్యాటా, ఫీల్డా?" అని అడిగాడు సబ్బుల కెప్టెన్.

బ్యాటు గురించి తెలిసినవి ఆరు మాటలు, ఫీల్డు గురించి పదకొండు. "ఫీల్డు," అన్నాడు మునిరత్నం.

తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని, పొల్లు పోకుండా ఆజ్ఞలు ఇచ్చాడు. "నువ్వు కవర్. నువ్వు మిడాన్. నువ్వు సిల్లీ పాయింట్. నువ్వు స్క్వేర్ లెగ్." ఎవరు ఎక్కడ నిలబడాలో అతనికి తెలియదు, వాళ్ళకీ తెలియదు. కలకత్తాలో వేలు విరగ్గొట్టుకున్న మనిషిని అది ఎక్కడండీ అని అడిగి పరువు పోగొట్టుకోవడానికి మాత్రం ఎవరూ సిద్ధంగా లేరు. అందరూ సరే సార్ అని తల ఊపి, తమకు తోచిన చోటికి పోయారు. ఎండ చురుక్కుమంటోంది గనక చాలామందికి వేపచెట్టు నీడే తోచింది. అయిదు నిమిషాల్లో తాళాల కంపెనీ ఫీల్డులో ఏడుగురు ఒకే చెట్టు కింద ఉన్నారు.

సబ్బుల కెప్టెన్ ఈ ఏర్పాటును మూడు సార్లు తిరిగి చూశాడు. ఇలాంటిది ఎక్కడా చూడలేదు. అందుకే భయపడ్డాడు. "ఏదో పెద్ద ప్లానులాగుండాది. జాగ్రత్తగా ఆడండి," అని తనవాళ్ళను హెచ్చరించాడు. మొదటి ఆటగాడు జాగ్రత్తగా ఆడి ఆడి, చివరికి విసుగెత్తి ఒక బంతిని గాల్లోకి లేపాడు. అది వేపచెట్టు మీదికి పోయింది. కిందున్న ఏడుగురిలో ఒకడు నెత్తి కాపాడుకుందామని చేతులు పైకెత్తాడు, బంతి చేతుల్లో పడింది. చెట్టిగారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాతి ఓవరు పెరుమాళ్ వేశాడు. బంతి వెళ్ళి కొత్త ఆటగాడి కాలికి తగిలింది. పెరుమాళ్ రెండు చేతులూ ఎత్తి అంపైరు వైపు తిరిగి పెద్ద కేక పెట్టాడు. వరదరాజులు ఉలిక్కిపడ్డాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. చేయి తెలియకుండానే చెవి మీద పెన్సిలు కోసం వెదికింది.

మునిరత్నానికి ఆ చూపు తెలుసు. రైల్లో గూగ్లీకి ముందు చూసిన చూపే అది. ఒక్కసారిగా అతనికి అంతా అర్థమైంది. ఈయనకు కూడా ఆట తెలియదు. ఈయన కూడా గళ్ళలోనే నేర్చుకున్నాడు, అవి కూడా సగం తను నింపిపెట్టినవే. మునిరత్నం మెల్లగా నడిచి ఆయన పక్కకు చేరాడు.

"ఏమంటా ఉండాడు వాడు?" అన్నాడు వరదరాజులు పెదవులు కదపకుండా.

"ఎల్బీడబ్ల్యూ సార్. నాలుగు గళ్ళు."

"అంటే?"

"'కాలు అడ్డుపెట్టి పోగొట్టుకునేది.' ఔటే."

వరదరాజులు వేలు ఎత్తాడు. ఆ వేలు ఎత్తడంలో ఎంత గొప్పదనం ఉందో ఆయనకు అప్పుడే తెలిసింది. ఒక మనిషి, బాగా ఆడగలవాడు, మారు మాట్లాడకుండా బ్యాటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోతున్నాడు! ఇంత అధికారం ఆఫీసులో కూడా లేదు. అప్పటినుంచి బంతి ఎవరి కాలికి తగిలినా ఆయన కేక కోసం కూడా ఆగలేదు. మోకాలికి తగిలినా వేలే, బూటు చివర తగిలినా వేలే. నలుగురు పోయారు. పెరుమాళ్‌కు ఇందులో అన్యాయం కనిపించకపోలేదు, కాని తన బౌలింగుకు పడుతున్న వికెట్లను కాదనే బౌలరు ఇంకా పుట్టలేదు.

ఇంతలో సబ్బుల కెప్టెనే ఆడటానికి వచ్చి బంతిని తిన్నగా వెనక్కి బాదాడు. అది బౌలరు పక్కన, అవతలి కొసన, పరుగు కోసం ఊరికే నిలబడి ఉన్న ఆటగాడి పిక్కకు తగిలింది. వరదరాజులు అతని వైపు తిరిగి వేలు ఎత్తాడు.

ముసలి అంపైరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఏందయ్యా ఇది? వాడు ఆడనే లేదు గదా!" అని కేకలేస్తూ పరిగెత్తుకు వచ్చాడు సబ్బుల కెప్టెన్.

వరదరాజులు మునిరత్నం వైపు చూశాడు. మునిరత్నానికి కూడా లోపల ఎక్కడో కొంచెం అనుమానం వచ్చింది, కాని ఇల్లు గుర్తొచ్చింది, అలమేలమ్మ బయట పెట్టిస్తానన్న సామాను గుర్తొచ్చింది. "కాలు ఎవరిదని రూల్లో ఉండాదా? కాలు కాలే," అన్నాడు నిబ్బరంగా.

"ఇది క్రికెట్ కాదు! మేము ఆడం!" అని సబ్బుల కెప్టెన్ బ్యాటు నేలకేసి కొట్టి, తన టీమునూ ముసలి అంపైరునూ తీసుకుని మైదానం దాటి వెళ్ళిపోయాడు.

అందరూ బిత్తరపోయి నిలబడి ఉంటే, మునిరత్నం ఒక్కడే తడబడకుండా పందిరి దగ్గరికి నడిచాడు. "ఎదుటివాళ్ళు ఆట వదిలేసి పోతే మనకు వచ్చే గెలుపును వాకోవర్ అంటారు. గెలిచినాము చెట్టిగారూ!" అని ప్రకటించాడు.

చెట్టిగారి ఆనందానికి మేర లేకపోయింది. "క్రికెట్ అంటే రోజంతా సాగుతుందని చెప్పినారే! గంటలో ముగించినావు, శభాష్! ఇట్లాంటి ఆటకు మన కంపెనీలో ఒక క్లబ్బు ఉండాల. ఏమయ్యా వరదరాజులూ, క్వార్టర్సులో ఒక ఇల్లు ఖాళీగా ఉందన్నావు గదా, అదే క్లబ్బు. పెరట్లో కొళాయి కూడా ఉండాది, ఆటగాళ్ళు కాళ్ళు కడుక్కుంటారు. దానికి మునిరత్నమే సెక్రటరీ. పదండి, ఇప్పుడే పోయి కొబ్బరికాయ కొడదాం."

మెడలో పూలదండతో మునిరత్నం అందరి వెనకగా నడుస్తున్నాడు. గెలవడం వల్ల ఇల్లు పోయినవాడు లోకంలో తనొక్కడే అయి ఉంటాడు. తాయారుకు ముఖం ఎలా చూపించాలో తెలియలేదు. జనం కొంచెం ముందుకు పోయాక అతను వెళ్ళి మేనేజరు పక్కన చేరాడు.

"మాట ఇచ్చినారు గదా సార్."

"ఇచ్చినాను. చెట్టిగారి ముందర నా మాట ఎంతప్పా?"

"అయితే మీకు ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో తెలీదని ఆయనకు చెప్పాల్సి వస్తుంది సార్."

"చెప్పండి. మీకూ తెలీదని నేను చెప్తాను."

ఇద్దరూ ఒకరినొకరు గౌరవంగా చూసుకుని, మిగతా దారంతా పక్కపక్కనే నడిచారు.

క్వార్టర్సు దగ్గరికి వచ్చేసరికి ఖాళీ ఇల్లు ఖాళీగా లేదు. వాకిట్లో ముగ్గు. గుమ్మానికి పసుపు, కుంకుమ, మామిడాకులు. వీధిలో ఖాళీ తోపుడుబండి. వంటింట్లోంచి పాలు మాడిన కమ్మటి వాసన. కొబ్బరికాయ పట్టుకున్న చెట్టిగారు గడప ముందర ఆగిపోయి, చెప్పులు విడిచారు.

తాయారు కొంగు నడుముకు చుట్టుకుని బయటికి వచ్చింది. "రాండి రాండి, మంచి వేళకే వచ్చినారు. పాలు ఇప్పుడే పొంగినాయి. తూర్పుకే పొంగినాయి."

"తూర్పుకా?" అన్నారు చెట్టిగారు, గొంతు తగ్గించి.

"ఆమా. మ్యాచి గెలిస్తే ఇల్లని మేనేజరుగారు మాట ఇచ్చినారు గదా. ఆ సంగతి ఆఫీసంతా తెలుసునంట. వాచ్‌మనే తాళం తీసినాడు. ఆడ చింతాద్రిపేటలో మా సామాను వీధిలో పెట్టేసినారు, నేనింగ యాడికి పోయేది? కూర్చోండి, పొంగిన పాలతో కాఫీ ఇస్తాను."

చెట్టిగారు వరదరాజులు వైపు తిరిగారు. "మాట ఇచ్చినావా?"

"ఇచ్చినానండి."

"మాట ఇచ్చి, ఇల్లాలు పాలు పొంగించిన ఇంట్లో, బూట్లు వేసుకున్న పదకొండు మందిని దింపమంటావా? నన్ను నరకానికి పంపాలనా?" క్లబ్బు పెట్టమన్నది తనేనన్న సంగతి చెట్టిగారు అప్పటికే మరిచిపోయారు. "క్లబ్బు నీ బంగళా ముందు గదిలో పెట్టుకో. నువ్వే అంపైరువి, నీకే సౌకర్యం." కొబ్బరికాయ ఆ గడప దగ్గరే కొట్టి, కాఫీ తాగి, వెళ్ళిపోయారు. వరదరాజులు తాళంచెవి తీసి మునిరత్నం చేతిలో పెట్టాడు.

అందరూ వెళ్ళాక మునిరత్నం పెరట్లోకి వచ్చాడు. తాయారు కొళాయి తిప్పి, బిందె నిండుతుంటే దాని పక్కనే కూర్చుని చూస్తోంది. నిండిన బిందెను కూడా తీయబుద్ధి కాక అలాగే పొర్లనిస్తోంది.

"గెలిచినామని తెలియగానే భలే వచ్చేసినావు," అన్నాడు.

"మీరు గెలిచేదాకా కూర్చుంటే అయినట్టే," అంది తాయారు. "ఎనిమిదింటికే వచ్చినాను, గెలుపు మాదేనని వాచ్‌మన్‌కు చెప్పి తాళం తీయించినాను. మీరు ఆడ టాస్ వేసే వేళకి ఈడ పాలు పొంగినాయి. ఇప్పుడు చెట్టిగారు చూసింది రెండో పొంగు."

"అంటే నా ఆట మీద నీకు నమ్మకం లేదా?"

"పద్నాలుగేళ్ళల్లో నేను వంటింట్లోంచి ఇసిరిన నిమ్మకాయ ఒక్కటన్నా పట్టినారా?"

మునిరత్నం కాసేపు నొచ్చుకున్నాడు. తర్వాత ఆ చల్లటి నీళ్ళు తలమీద నాలుగు చెంబులు పోసుకునేసరికి, మొత్తం మీద తన కెప్టెన్సీ వల్లే ఇల్లు వచ్చిందని మళ్ళీ అతనికి గట్టిగా తోచింది.

బుధవారం సబ్బుల కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ జన్మలో ఇంక మీతో క్రికెట్ ఆడబోమని, కావలిస్తే చదరంగానికి రమ్మని రాశారు. అందులోనూ గళ్ళే కదా అని మునిరత్నం ఆ పూటే ఒప్పుకుంటూ జవాబు రాశాడు.